గెలుపు అంటే ఏమిటి?



ఊళ్ళో ఒకరిని చూసి, "ఆమెకేం, జీవితంలో గెలిచింది" అంటారు. ఎందుకు అలా అన్నారని అడగండి. డాబా ఇల్లు కట్టింది అంటారు. రెండెకరాలు కొన్నది అంటారు. కొడుక్కి ఉద్యోగం వచ్చింది, కూతురికి మంచి సంబంధం కుదిరింది అంటారు.

ఇవన్నీ మంచివే. ఊరికే రావు. ఎంతో కష్టపడితేనే వస్తాయి. కానీ గెలుపంటే ఇవి మాత్రమే అనుకుంటే ఒక చిక్కు ఉంది. ఆ లెక్కన కూలికి పోయే మనిషి ఎప్పటికీ గెలవదు. పిల్లలు లేని మనిషి గెలవదు. మొగుడు వదిలేసిన మనిషి గెలవదు. ఒక్క ఏడు వానలు పడకపోతే, నిన్న గెలిచిన మనిషి కూడా ఇవాళ ఓడినట్టే.

ఇది సరైన లెక్కేనా? ఒక మనిషి జీవితం చూసి తేల్చుకుందాం. ఆమె పేరు దుర్గాబాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే చాలామందికి తెలుసు.

చిన్ననాటి దుర్గ

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసు అది. పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పింది. తండ్రి ఆమె మాట విన్నాడు. ఆ రోజుల్లో అది మామూలు మాట కాదు. లోకం ఎన్ని మాటలు అని ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

హిందీ నేర్చుకుంది. తను నేర్చుకుని ఊరుకోలేదు. ఆడపిల్లలకు హిందీ బడి పెట్టింది. అప్పటికి ఆమె కూడా పిల్లే!

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడ ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర టికెట్టు చూసే పని దుర్గాబాయిది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. ఆయన దగ్గర టికెట్టు లేదు. "టికెట్టు లేకపోతే లోపలికి పంపను" అంది పద్నాలుగేళ్ళ పిల్ల. చివరికి టికెట్టు కొన్నాకే ఆయన లోపలికి వెళ్ళాడు. చేసే పని చిన్నదైనా సరిగ్గా చేయాలని ఆమె పట్టుదల.

జైలులో చూసినది

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి అందులో దిగింది. జైలుకు వెళ్ళింది. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్ళింది.

జైలులో ఆమె ఎందరో పేద ఆడవాళ్ళను చూసింది. వాళ్ళకు చదువు రాదు. చట్టం తెలియదు. తమ తరఫున మాట్లాడే దిక్కు లేదు. ఆ తెలియనితనం వల్లే చాలామంది శిక్ష పడి లోపల మగ్గుతున్నారు.

ఇది చూసి దుర్గాబాయి మనసు కలతపడింది. ఏడ్చి ఊరుకోలేదు. "బయటికి వెళ్ళాక లా చదవాలి. ఇలాంటి వాళ్ళ తరఫున నిలబడాలి" అనుకుంది.

లా చదవాలంటే ముందు మెట్రిక్ పాసవ్వాలి. ఆమె బడి ఎప్పుడో మానేసింది. ఇరవై ఏళ్ళు దాటాయి. అయినా సిగ్గుపడలేదు. పుస్తకం పట్టి కూర్చుంది. మెట్రిక్ పాసైంది. ఆ తరువాత బి.ఏ. చదువుదామని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళింది. ఆడపిల్లలకు హాస్టలు లేదు, చేర్చుకోలేం అన్నారు. ఆమె వెనక్కి రాలేదు. చదువుకోవాలనే ఆడపిల్లలు ఎవరైనా ఉంటే రమ్మని పేపరులో ప్రకటన వేయించింది. కొందరు వచ్చారు. అందరూ కలిసి హాస్టలు నడుపుకున్నారు. అలా ఆమెకూ చోటు దొరికింది, మిగతావాళ్ళకూ చోటు దొరికింది.

1942లో మద్రాసులో లా పట్టా అందుకుంది. వకీలు అయ్యింది.

ఓడిన తరువాత

1946లో ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలు అయ్యింది. రాజ్యాంగం అంటే దేశం ఎలా నడవాలో రాసుకున్న కట్టుబాటు. దాన్ని రాసిన సభలో ఒక తెలుగు ఆడపడుచు కూర్చుంది.

అంత పేరు వచ్చినా, 1952 ఎన్నికలలో ఓడిపోయింది. అంతటితో ఆమె పని ఆగిందా? ఆగలేదు. మరుసటి ఏడే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. తను పెద్ద వయసులో ఎంత కష్టపడి మెట్రిక్ పాసైందో ఆమె మరచిపోలేదు. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది. అదే పనిని 1958లో బోర్డు తరఫున దేశమంతా మొదలుపెట్టించింది. ఏళ్ళ తరబడి చదవాల్సిన చదువును కుదించి, తక్కువ కాలంలో నేర్పారు. ఆ చదువుతో ఎందరో ఆడవాళ్ళు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గ్రామసేవికలయ్యారు. తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు.

1975లో ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 1981లో ఆమె కన్నుమూసింది. బిరుదు ఆమె ఒక్కదానిది. ఆమె తీసిన దారి మాత్రం ఎందరిదో.

మరి గెలుపు అంటే?

అడ్డం వచ్చిన గడపను దాటడం సగం గెలుపు. వెనక వచ్చేవాళ్ళ కోసం తలుపు తీసి ఉంచడం మిగతా సగం.

"ఆమె గొప్ప మనిషి, మాబోటి వాళ్ళ వల్ల ఏమవుతుంది?" అని కొందరు అనవచ్చు. నిన్న వేలిముద్ర వేసిన చేయి ఇవాళ సంతకం పెడుతోంది. అది ఒక గడప దాటడమే. ఇప్పుడు పక్కింటి అత్త ముందు ఎవరో ఒక కాగితం పెట్టి వేలిముద్ర వేయమంటారు. "ఆగు అత్తా, అందులో ఏముందో చదివి చెబుతాను" అనండి. అది తలుపు తీసి ఉంచడం. అప్పు కాగితం కావచ్చు, భూమి కాగితం కావచ్చు. ఆ ఒక్క మాట ఒక సంసారాన్ని నిలబెడుతుంది.

జైలులో ఆ ఆడవాళ్ళకు దిక్కు లేకపోయింది. ఇప్పుడు చట్టం ఉంది. న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును పెడుతుంది. ఆస్తి ఎంత, ఆదాయం ఎంత అని చూడదు. జిల్లా కోర్టులో అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఓపెన్ స్కూలులో పదో తరగతి పరీక్ష ఏ వయసులోనైనా రాయవచ్చు. ఈ సంగతులు తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పాలి.

కాబట్టి ఎవరైనా "ఆమె గెలిచింది" అంటే, ఎన్ని ఎకరాలు అని అడగకండి. ఆమె వల్ల ఎంతమందికి దారి దొరికింది అని అడగండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. హాస్టలు లేదన్నప్పుడు దుర్గాబాయి ఏం చేసింది? అందువల్ల ఎవరికి మేలు జరిగింది?

2. చదవకుండా వేలిముద్ర వేసి నష్టపోయినవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా? ఏం జరిగింది?

3. అక్షరాలు నేర్చుకున్నాక మీరు ఎవరికి సాయం చేశారు? నాలుగు మాటల్లో రాయండి.