జున్నుపాలు మొదట దూడకు

(పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పాల ధర గురించి మాట్లాడుకుందామని వచ్చాం. మాట్లాడుకుందాం. దానికన్నా ముందు దూడల పారుడు గురించి ఓ పది నిమిషాలు వినండి. గేదె ఈనింది, దూడ దక్కలేదు అనే మాట లేని వీధి మన ఊళ్లలో లేదు. దూడ పోతే గేదె చేపదు. చేపు కోసం మళ్లీ ఓ సూది, అది వేరే కథ.

మా చావిడిలో జరిగిందే చెబుతాం. సంక్రాంతి ముందు గేదె పెయ్యదూడను ఈనింది. మూడో రోజుకు తెల్లగా నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. అందరూ చేసేదే మేమూ చేశాం. మందుల షాపులో మనుషులు విరేచనాలకు వేసుకునే మాత్రలు తెచ్చి, నూరి తాగించాం. తగ్గలేదు. మర్నాడు ఓ సూది. ఆ మర్నాడు ఇంకా ఖరీదైన సూది. చివరికి డాక్టరుగారిని పిలిచేసరికి దూడ కళ్లు గుంటలు పడ్డాయి, నోరు చల్లబడింది. ఆయన మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే అది ముడత పడి అలాగే నిలబడిపోయింది. "నీళ్లేమైనా తాగించారా?" అని అడిగారు. మూడు రకాల యాంటీబయాటిక్ పడింది గాని ఒక్క గ్లాసు ఉప్పు నీళ్లు పడలేదు. ఆ రాత్రే పోయింది.

పారుడులో దూడను ఎక్కువగా చంపేది ఒంట్లోంచి నీళ్లూ లవణాలూ పోవడమే. పైగా అన్ని పారుళ్లూ ఒకటి కావు. పుట్టిన మూడు నాలుగు రోజుల్లో వచ్చేది చాలాసార్లు ఇ.కోలి అనే బాక్టీరియా వల్ల. వారం దాటాక వచ్చేది రోటా వైరస్, కరోనా వైరస్ కావచ్చు. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాలలోనే వస్తాయి, వాటికి నట్టల మందు కావాలి. జ్వరం వచ్చి దూడ లేవలేకపోతేనో, రక్తం పడుతుంటేనో డాక్టరు చూడాల్సిందే. యాంటీబయాటిక్ అవసరమా, ఏది, ఎన్ని రోజులు అన్నది ఆయన చెప్పాలి, షాపువాడు కాదు.

పత్తిలో గులాబీరంగు పురుగు సంగతి మనకు తెలుసు. మొదట్లో బీటీకి చచ్చింది, తర్వాత చావడం మానేసింది. దూడ పేగులో బాక్టీరియా కూడా అంతే. అరకొర మోతాదు వేసి రెండు రోజులకే మానేస్తే తట్టుకున్నవి మిగులుతాయి. పురుగు కన్నా ఇది ఒక మెట్టు ఎక్కువే. మందును తట్టుకునే గుణాన్ని ఒక బాక్టీరియా పక్కదానికి అందించగలదు. పేడ ఎత్తేది మన ఆడవాళ్లు. ఆ చేతుల నుంచి అది ఇంట్లోకి వస్తే, రేపు మనకే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మందు పనిచేయదు. కొలిస్టిన్ అనే మందు మనుషులకు ఆఖరి అస్త్రం లాంటిది. దాన్ని పాడి పశువులకూ కోళ్లకూ చేపలకూ వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది.

పొదుగువాపుకు సూదులు వేసిన గేదె పాలు డెయిరీకి పోయకూడదు కదా అని దూడకు తాగిస్తాం. రోజూ కొంచెం కొంచెం మందు తాగిస్తున్నట్టే అది. ఆ పాలు గోతిలో పోయాల్సిందే. మందు లేబుల్ మీద గడువు లేకపోతే పాలు కనీసం 7 రోజులు వాడకూడదని నిబంధన ఉంది. మరి ఆ 7 రోజుల పాలు పారబోసిన రైతుకు నష్టం ఎవరిస్తారు? తప్పంతా రైతుదే అని చెప్పిపోయేవాళ్లు దీనికి జవాబు చెప్పరు.

ఇక మన చేతుల్లో ఉన్నది. మాయ పడేదాకా దూడను వదలకూడదని మన పెద్దలు అంటారు. అది తప్పు. దూడ చీకితేనే మాయ తొందరగా పడుతుంది. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు కడుపులో ఉండగా తల్లి నుంచి రాదు, జున్నుపాలతోనే వస్తుంది. ఒక రోజు దాటితే ఆ శక్తిని పేగు తీసుకోలేదు. 30 కిలోల దూడకు మొదటి రోజు 3 లీటర్లు పట్టాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే. వియ్యాలవారికి జున్ను పంపాలి, కాదనం. దూడ తాగగా మిగిలింది పంపండి. దున్నదూడకైనా ఇదే లెక్క. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టండి, దూడ కింద పొడి గడ్డి వేయండి.

పారుడు కనిపించిన గంటలోనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. ఒక ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, రోజుకు రెండు మూడు లీటర్లు కొంచెం కొంచెంగా పట్టాలి. పంచదార కలపకండి, చిన్న దూడకు అరగదు. పాలు మానేయకండి, పాలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. చీకలేని దూడకు గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు సెలైన్ ఎక్కించాలి, 1962కు ఫోన్ చేయండి.

మన డిమాండ్లు మూడు. పశువైద్యశాలల్లో ఖాళీ పోస్టులు నింపాలి. ఏ మందు పనిచేస్తుందో తేల్చే పేడ పరీక్ష రైతుకు అందుబాటులో ఉండాలి. పారబోసిన పాలకు పరిహారం ఇవ్వాలి. అర్జీ ఆ బల్ల మీద ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఈ ఏడాది మీ ఇంట్లో ఎన్ని దూడలు పోయాయో పక్కన రాయండి.