బిలియర్డ్సు బల్లకడ న్యాయనిర్ణయము



ఫుట్‌బాలును ప్రాణముగా నెంచు ఈ కోల్‌కతా నగరమున బిలియర్డ్సును గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. అయినను 1958లో విల్సన్ జోన్సు ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు విజేత యైనది ఈ నగరముననే. వ్యక్తిగత క్రీడలో ప్రపంచ విజేత యైన మొదటి భారతీయు డాయనయే. స్నూకరు సయితము 1875లో జబ్బల్పూరునందలి సైనికాధికారుల నడుమ పుట్టినదని చెప్పుదురు. కాని నేడు నేను ముచ్చటింపదలచినది విజేతలను గూర్చి కాదు. చేతులకు తెల్లని తొడుగులు ధరించి, బల్లప్రక్కన మౌనముగా నిలుచు రిఫరీని గూర్చి.

ఫౌల్‌లలో పెక్కు కంటికి కనబడునవే. తెల్లబంతి గుంటలో పడినను, కొట్టవలసిన బంతిని ముందుగా తాకకున్నను తప్పే. స్నూకరులో అందుకు ప్రత్యర్థికి 4 మొదలు 7 వరకు పాయింట్లు లభించును. పూల్ ఆటలో శిక్ష యింకను కఠినము. ప్రత్యర్థి తెల్లబంతిని చేతబట్టి, సాధారణముగా బల్లమీద తన కిష్టమైన చోట నుంచుకొనవచ్చును. నేర్పరికి అట్టి అవకాశము చిక్కినచో, తప్పు చేసినవాడు కుర్చీలో కూర్చుండి చూడవలసినదే.

తెల్లబంతి ఒకే క్షణమున రెండు బంతులను తాకినట్లు తోచినచో? ఏది ముందో తేల్చ వీలుగానప్పుడు, కొట్టవలసిన బంతియే ముందు తాకినదని భావింపవలెనని పూల్ నిబంధన. సంశయలాభము ఆడువానిదే. స్నూకరులో అట్లు గాదు. కొట్టవలసిన దానితోబాటు కొట్టరాని బంతిని ఏకకాలమున తాకుటయు తప్పే. ఒకే దరఖాస్తు రెండు శాఖలనుండి రెండు విధములుగా తిరిగివచ్చుట నెరిగిన మీకు ఇది వింత గాదు!

రెండు బంతుల నడుమ వెండ్రుకవాసి యెడమే యున్నప్పుడు, క్యూ కొన తెల్లబంతిని రెండుమారులు తాకినదా యను ప్రశ్న పుట్టును. కన్ను దానిని పట్టజాలదు. రిఫరీ బంతి నడకను చూచును. ఎదుటిబంతిని నిండుగా తాకిన తెల్లబంతి తన వేగమును దానికిచ్చి వెనుకబడవలెను. అట్లుగాక దానివెంటనే సమానముగా పరుగిడెనా, రెండవ తాకుడు జరిగినదన్న మాటయే.

అన్నిటికంటె గడ్డుది స్నూకరులోని ‘మిస్’. కొట్టవలసిన బంతిని తాకకపోవుట ఫౌల్. అయితే తాకుటకు ఆటగాడు తన శక్తికొలది యత్నించెనా, లేక సురక్షితమైన చోటికి తెల్లబంతిని చేర్చుటకై కావలెననియే తప్పించెనా? ఇచ్చట రిఫరీ బంతిని గాక మనస్సును కొలువవలెను. అతడు ‘మిస్’ అనినచో ప్రత్యర్థి బంతులను పూర్వస్థానములలో పెట్టించి, మరల ఆడుమని కోరవచ్చును. బంతి నిండుగా తగులునట్లు తిన్ననిదారి యుండియు వరుసగా మూడుమారులు తప్పినచో ఆ ఫ్రేమే పోవును. రెండవమారే రిఫరీ హెచ్చరింపవలెను. శక్తికొలది యన్నందున ప్రవీణునికి కొలబద్ద పెద్దది, కొత్తవానికి చిన్నది. కొందరు దీనిని పక్షపాత మందురు. నాకు మాత్రము న్యాయముగనే తోచుచున్నది.

క్లబ్బు బల్లలకడ రిఫరీ సాధారణముగా నుండడు. చొక్కాచేయి బంతికి తగులుటయు ఫౌలే. అది పలుమారులు ఆడువానికి తప్ప అన్యులకు తెలియదు. అట్టియెడ తానే ‘ఫౌల్’ అని పలికి, క్యూ దించి ప్రక్కకు తొలగుట ఈ ఆటలో వాడుక.