పుట్టినరోజు వేషములు



పిల్లల పుట్టినరోజనగానే క్రొత్తబట్టలు, మిఠాయిలు, కానుకలు మన కన్నుల యెదుట నిలుచును. ఆ దినమున ఇంటిల్లిపాదియు బిడ్డను చుట్టుకొనియుందురు. బిడ్డ పుచ్చుకొనును, పెద్దలు ఇత్తురు. ఇది సహజమే. కాని పుచ్చుకొనుటయే పండుగయని బిడ్డ తలపోసినచో నేమగును? ఈ ప్రశ్నకు కొన్ని కథోలిక కుటుంబములు కనుగొనిన ఒక సమాధానమును నేడు మనము పరిశీలింతము.

నవంబరు 1వ తేదీ కథోలికులకు సకల పునీతుల పండుగ. దాని ముందటి రాత్రి అమెరికాలో పిల్లలు చిత్రవిచిత్ర వేషములతో ఇంటింటికిని పోయి మిఠాయిలడుగుదురు. హాలోవీన్ అను పేరునకు పునీతుల పండుగ ముందటి రాత్రి యనియే అర్థము. అచ్చటి కథోలిక గృహములలో కొందరు తలిదండ్రులు దయ్యముల వేషములకు మారుగా పిల్లలకు పునీతుల వేషములు వేయుదురు. ఆ దినములలో పుట్టిన బిడ్డ ఇంట నున్నచో పుట్టినరోజు విందును వేషముల వేడుకయు ఏకమగుట కలదు. గోధుమవన్నె అంగీ తొడిగి, నడుమునకు త్రాడు బిగించి, గుడ్డపక్షిని భుజముపై నిలుపుకొన్న బాలుడు అస్సీసీ ఫ్రాన్సిసు. అట్టకత్తి పట్టినవాడు జార్జి. గులాబీలు చేతబూనిన బాలిక చిన్న తెరేజమ్మ. ముందు ప్రార్థన, పిదప కేకు. కృష్ణాష్టమినాడు పసివాని తలలో నెమలిపింఛము దోపి మురియు మన తల్లులకు ఈ ముచ్చట క్రొత్తగా తోపదు.

అయినను, తొలి శతాబ్దముల క్రైస్తవులలో పుట్టినరోజు వేడుకలను శంకించినవారు కలరు. బైబిలులో పుట్టినరోజు విందు చేసినవారు ఫరో, హేరోదు వంటివారే గాని పునీతులు కారని 3వ శతాబ్దపు పండితుడు ఆరిజెను వ్రాసెను. ఫరో విందునాడు రొట్టెలు చేయువాని కురిశిక్ష పడెను; హేరోదు విందునాడు బప్తిస్మ యోహాను శిరస్సు పళ్ళెరమున వచ్చెను. వేదసాక్షులు ప్రాణములర్పించిన దినమునే ఆనాటివారు జన్మదినమని పిలిచిరి. నేటికిని తిరుసభ పంచాంగమున పండుగగా జరుపు భూలోక జన్మదినములు మూడే: యేసుది డిసెంబరు 25, మరియమ్మది సెప్టెంబరు 8, యోహానుది జూన్ 24. పోలండు వంటి దేశములలో తమ పేరిటి పునీతుని దినమును పుట్టినరోజువలె జరుపుకొను ఆచారమును కలదు. మన తెలుగునాట రాయప్ప పేతురు పేరు. చిన్నప్ప పౌలు పేరు. ఇన్నయ్య ఇగ్నేషియసు పేరు. పేరు పెట్టుటయే ఒక జీవితమును బిడ్డ ముందు నిలుపుట. వేషమును అట్టిదే.

ఇందులకు చిన్న తెరేజమ్మ జీవితమే నిదర్శనము. ఆమె ఫ్రాన్సు దేశమున 1873 జనవరి 2న జన్మించెను. 1886 క్రిస్మసు నాటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండవచ్చుచుండెను. పొయ్యికడ నుంచిన బూట్లలో పిల్లలకు కానుకలు పెట్టుట ఆ ఇంటి ఆచారము. అర్ధరాత్రి పూజనుండి అలసి వచ్చిన తండ్రి, ఈ ముచ్చటకు ఇదియే కడపటి యేడు గదా యని విసుగుతో పలికిన మాట మెట్లెక్కుచున్న ఆమె చెవిని పడెను. చిన్న మాటకే కన్నీరు పెట్టుకొను బాలిక ఆనాడు దుఃఖమును మ్రింగి, క్రిందికి వచ్చి, ఒక్కొక్క కానుకను నవ్వుచు తీసి చూపెను. తండ్రి ముఖము వికసించెను. తన పసితనపు దౌర్బల్యము ఆ రాత్రియే తొలగెనని ఆమె తన ఆత్మకథలో వ్రాసికొనెను. అందరికంటె చిన్నదైన బిడ్డ ఆ పండుగను తండ్రికి కానుకగా ఇచ్చెనన్నమాట.

తరువాత లిసియో పట్టణపు కార్మెలు మఠమున కన్యకయైన పిదప ఆమెయు వేషము వేసెను. 1895లో జోన్ ఆఫ్ ఆర్క్ కథను తానే నాటకముగా వ్రాసి, జోను పాత్ర ధరించెను. కవచముతో నున్న ఆమె ఛాయాచిత్రములను అక్క సెలీను తీసెను. 1431లో సజీవముగ దహింపబడిన జోనును తిరుసభ పునీతగా ప్రకటించినది 1920లో. 1897లో ఇరువదినాలుగేండ్లకే క్షయవ్యాధితో మరణించిన తెరేజమ్మను ప్రకటించినది 1925లో. జోను వేషము వేసిన ఆమెయే తరువాతి పిల్లలకు వేషమయ్యెను.

కావున వేషము తప్పు కాదు. దానివలన బిడ్డ యేమి నేర్చుననునదే విచారింపదగినది. అంగడిలో కొన్న ఖరీదైన దుస్తులకును, ఎవరి వేషము మిన్నయను పోటీకిని అది దిగజారినచో, పుచ్చుకొనుటకు మరియొక సాకు దొరికినట్లే. ఫ్రాన్సిసు ధనికుడగు తండ్రి ఇచ్చిన వస్త్రములనే విడిచి వచ్చినవాడు. ఆయన వేషమునకై బిడ్డ పట్టుబట్టి యేడ్చిన, ఆ కథ ఇంకను ఆ బిడ్డకు చేరలేదని తెలిసికొనవలెను.

తలిదండ్రులకు మేము విన్నవించునది స్వల్పము. వేషము ఇంటిలోని పాతగుడ్డతోనే కుట్టుడు. తొడుగుటకు ముందు ఆ పునీతుని కథ చెప్పుడు. తొడిగిన పిదప బిడ్డచేతనే అతిథులకు చెప్పింపుడు. కేకు కోసినప్పుడు మొదటి ముక్కను బిడ్డ నోట పెట్టక, పళ్ళెము బిడ్డ చేతికిచ్చి అందరికిని పంచుమనుడు. పంచినవాడు కడపట తినును. ఆనాటి పండుగలో బిడ్డకు మిగులు మేలు అదియే.