లోపమును వెదకుట కూడా శ్రమయే
(మోటారు కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



షెడ్డులో విడిభాగము మార్చినందుకు బిల్లు వ్రాయుదురు. లోపము ఎక్కడున్నదో కనుగొన్నందుకు వ్రాయరు. కారు విద్యుత్తు పనిచేయు మనకు జరుగుచున్న అన్యాయమిదే. ఈ పనిలో పానా పట్టుటకు ముందే సగము శ్రమ గడచిపోవును.

ఒక ఉదాహరణము చూతము. ఉదయము కారు స్టార్టు కాలేదు. సెల్ఫ్ నీరసముగా తిరుగుచున్నది. "బ్యాటరీ పోయినది" అని తీర్పు చెప్పుట సులభము. కాని మనము ముందు కొలువవలెను. రాత్రంతా కదలక ఉన్న మంచి 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను నడుచునపుడు సాధారణముగా 13.8 నుండి 14.4 వోల్టుల వరకు ఉండవలెను. ఈ రెండును సరిగా ఉన్నచో, సెల్ఫ్ తిప్పుచుండగా బ్యాటరీ మైనస్ టెర్మినలుకు, ఇంజను లోహమునకు నడుమ మీటరు పెట్టవలెను. 0.2 వోల్టును బాగా మించినచో దోషము ఎర్త్ వైరుది. తుప్పు గీకి బోల్టు బిగించినచో, వేల రూపాయల కొత్త బ్యాటరీ అక్కరలేకయే బండి కదలును.

బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోవుచున్నచో, మైనస్ కేబులు విప్పి అమ్మీటరును వరుసలో కలిపి, తలుపులు మూసి, లోపలి కంప్యూటర్లు నిద్రించువరకు అరగంటయైనను ఆగవలెను. అప్పుడు సెల్ఫ్ కొట్టరాదు, మీటరు కాలిపోవును. కరెంటు 50 మిల్లీ ఆంపియర్లను మించినచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయవలెను. ఏది తీసినపుడు కరెంటు పడిపోవునో, దొంగ ఆ సర్క్యూటులోనే ఉన్నాడు.

10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో దాని స్థానమున 20 ఆంపియర్లది వేయరాదు, రాగితీగ చుట్టరాదు. ఫ్యూజు మిగిలి తీగ కాలును. తీగతోపాటు కారు కాలును.

స్కానరు ఉన్నది గదా అందురు. భారత్ స్టేజ్-4 నిబంధనల క్రింద 2013 నుండి మన కార్లలో ఓబీడీ-2 పద్ధతి వచ్చినది. అయితే "పీ0562" అను కోడు వోల్టేజి తక్కువైనదని మాత్రమే చెప్పును. తప్పు అల్టర్నేటరుదా, బ్యాటరీదా, వదులైన తీగదా అని చెప్పదు. కోడు ఫిర్యాదు మాత్రమే, విచారణ మనది.

ఆ విచారణకు కావలసిన సర్క్యూటు పటములు, పరికరములు విజయవాడ ఆటోనగర్ మొదలు ఢిల్లీ కశ్మీరీ గేట్ వరకు చిన్న షెడ్డులకు సులభముగా అందుట లేదు. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్, స్వతంత్ర షెడ్డులకు విడిభాగములు, పరీక్షా పరికరములు అందనీయనందుకు 14 కార్ల కంపెనీలపై జరిమానా విధించినది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించినది. హక్కు కాగితముపైకి వచ్చినది; దానిని షెడ్డులోనికి తెచ్చుకొనుట మన పని.

కనుక మనము కోరునది మూడు: లోపము వెదకిన గంటలకు వేరుగా కూలి, ప్రతి షెడ్డుకు సర్క్యూటు పటములు, అవి మన భాషలో, పని నేర్చుకొను పిల్లవానికి పానాతోపాటు మీటరు.

నేటినుండి ప్రతి కొలతను జాబ్ కార్డుపై వ్రాయుడు. ఏ వైరు వద్ద ఎన్ని వోల్టులు, ఎంతసేపు వెదకితిరి — అన్నియు వ్రాయుడు. కంటికి కనబడని శ్రమకు ఆ అంకెలే సాక్ష్యము. కూలి కొరకు కూర్చున్న నాడు మన పక్షమున మాట్లాడునవి అవియే.