పెళ్ళి ఒకనాడు, కాగితాలు రెండేళ్ళు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో అలిఫ్, బే దిద్దించుకొనే మాకు అమెరికా గ్రీన్ కార్డుతో పని ఏమిటని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. మేము వకీళ్ళము కాము. ఆ దేశం చూసినవాళ్ళమూ కాము. అయితే మా దగ్గర చదివిన పిల్లలు ఇంజనీరింగు ముగించుకొని, ఎం.ఎస్. కోసం టెక్సాసుకో, షికాగోకో పోతున్నారు. వాళ్ళలో కొందరు అక్కడి సంబంధాలే చేసుకొంటున్నారు. ఆ తరువాత ఒక రాత్రి ఫోను వస్తుంది. "సార్, నిఖానామా తర్జుమా చేసి పంపండి", "సార్, బడి రికార్డులో నా తారీఖు ఏముందో చూడండి" అని. ఆ విధంగా ఈ కాగితాలు మా యింటికి నడిచి వచ్చినవి. చూసినంత, చదివినంత, పొరపాటు చేసి నేర్చుకొన్నంత మీ ముందు పెడతాము.

మొదటి సంగతి. చదువు వీసా మీద వెళ్ళిన పిల్లవాడు, చదువు కాగానే తిరిగి వస్తానని చెప్పి వెళ్ళినవాడు. ఆ వీసాను యఫ్-1 అంటారు. పెళ్ళి అయినంత మాత్రాన అతనికి అక్కడ వుండే హక్కు రాదు. దరఖాస్తు వెయ్యాలి, అధికారి ఒప్పుకోవాలి. భార్యగాని భర్తగాని అమెరికా పౌరులైతే దారి కొంత సులువు. వరుసలో నిలబడనక్కర లేదు. భార్య పిటిషన్, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒకే కట్టలో పంపవచ్చు. అదే ఆ వ్యక్తి పౌరురాలు కాక, గ్రీన్ కార్డు మాత్రమే వున్న మనిషి అయితే వరుస వున్నది. వాళ్ళ విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్ చూసుకోవాలి. తన వంతు వచ్చేదాకా పిల్లవాడు చదువు వీసా నియమాలు తప్పకుండా నడుచుకోవాలి. సంబంధం మాట్లాడేటప్పుడు "అమ్మాయికి అమెరికా వుంది" అంటే చాలదు. పౌరసత్వమా, కార్డా? ఆ ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి.

ఇక ఆ కట్టలో ఏముంటుంది? పౌరుడైనవాడు వేసే పిటిషన్ ఐ-130. దానితో దంపతుల్లో రెండవవారి వివరాలు ఐ-130ఎ. మన పిల్లవాడి అసలు దరఖాస్తు ఐ-485. పోషణ పూచీ ఐ-864. డాక్టరు పరీక్ష ఐ-693. పనికి అనుమతి కోరేది ఐ-765. ప్రయాణానికి అనుమతి కోరేది ఐ-131. ఈ చివరిదాని సంగతి మళ్ళీ వస్తాము, ఈ ప్రసంగానికి కారణం అదే.

ఖర్చు చిన్నది కాదు. 2024 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన పట్టిక ప్రకారం, కాగితం మీద వేస్తే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440, దానితోపాటు వేసే పని అనుమతికి 260, ప్రయాణ అనుమతికి 630. మొత్తం 3,005 డాలర్లు. డాక్టరు ఫీజు, వకీలు ఫీజు వేరు. ఫీజులు మారుతూ వుంటాయి కనుక పంపేనాడు ఇమ్మిగ్రేషన్ శాఖ వారి పట్టిక చూసుకొనే పంపాలి. డాక్టరు అంటే ఏ డాక్టరైనా కాదు. ఆ శాఖ గుర్తించిన డాక్టరే చూసి, కాగితం కవరులో పెట్టి సీలు వేసి యిస్తాడు. ఆ కవరు విప్పకూడదు. 2024 డిసెంబరు 2 నుంచి ఆ కవరు దరఖాస్తుతోపాటే పంపాలని నియమం పెట్టారు.

పోషణ పూచీ సంగతి మనవాళ్ళు తేలికగా తీసుకొంటారు. "సంతకమే గదా" అంటారు. కాదు. సర్కారు వారి పేదరిక రేఖకు నూటికి 125 వంతుల ఆదాయం చూపించాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు. అమ్మాయి ఇంకా చదువుకొంటూ ఆదాయం లేకపోతే మరొకరు పూచీ పడవచ్చు. ఆయన పౌరుడో, గ్రీన్ కార్డు గలవాడో అయి, అక్కడ నివసించేవాడై వుండాలి. ఈ పూచీ విడాకులతో కూడా రద్దు కాదు. పిల్లవాడు పౌరుడు అయ్యేదాకానో, దాదాపు పదేళ్ళ పనికి సమానమైన 40 క్వార్టర్లు అతని ఖాతాలో చేరేదాకానో వుంటుంది. కాబట్టి ఏ మామగారో, బాబాయిగారో సంతకం పెడితే అది ఎంత బరువో మనము గ్రహించాలి, వారికి కృతజ్ఞులమై వుండాలి.

ఇప్పుడు నిఖా మాట. ఇక్కడ మన ఇళ్ళలో పొరపాట్లు ఎక్కువ. అమెరికాలో మసీదులో ఇమాము సాహెబు నిఖా చదివించినంత మాత్రాన ఆ రాష్ట్రం లెక్కలో పెళ్ళి అయినట్టు కాదు. ముందు కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకోవాలి. నిఖా అయిన తరువాత దానిమీద ఇమాము సంతకం పెట్టాలి, ఆ కాగితం తిరిగి కౌంటీకి చేరాలి. అప్పుడు వచ్చే సర్టిఫికెట్టే పనికి వస్తుంది. మేనరికాలు, పినతల్లి, పెదతండ్రి పిల్లల సంబంధాలు మనలో మామూలే గదా. టెక్సాసు వంటి రాష్ట్రాలలో అటువంటి సంబంధానికి లైసెన్సు యివ్వరు. ఫోనులో నిఖా మరొకటి. వధూవరులు ఒకరి సమక్షంలో ఒకరు లేకుండా జరిగిన పెళ్ళిని, తరువాత ఇద్దరూ కలిసి కాపురం చేసి వుంటే తప్ప, ఆ చట్టం గుర్తించదు. ఇంతకుముందు పెళ్ళి అయి విడిపోయినవారైతే, ఆ తెగతెంపులు చట్టప్రకారం జరిగినట్టు కాగితం చూపాలి. నోటిమాట చెల్లదు.

నిఖా మన ఊళ్ళో జరిగితే, ఖాజీగారి నిఖానామాతో సరిపెట్టుకోక 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం కింద రిజిస్టరు కూడా చేయించండి. ఉర్దూ నిఖానామాకు ఇంగ్లీషు తర్జుమా జతచేయాలి. తర్జుమా చేసినవాడు, "ఇది సంపూర్ణము, సరియైనది, ఈ భాష తర్జుమా చేయగల శక్తి నాకున్నది" అని రాసి సంతకం పెట్టాలి. నోటరీ అక్కర లేదు. వధూవరులు తామే చేసుకోక మూడో మనిషి చేత చేయిస్తే మేలు. ఈ పని తేలిక అనుకోవద్దు. మెహర్ గడిలో ముఅజ్జల్ అని వుంటుంది. ఐన్ తో రాస్తే వెంటనే యిచ్చేది, హమ్జాతో రాస్తే తరువాత యిచ్చేది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, అర్థం మాత్రం తూర్పు పడమర. ఉర్దూ చదవగలిగిన పిల్లలు ఇంటికొకరైనా వుండాలని మేము ఎందుకు మొత్తుకొంటామో చూడండి.

ఇక మా పొరపాటు చెప్పుకొంటాము. మా శిష్యుడు ఒకడు, బుద్ధిమంతుడు. టెక్సాసులో చదువుతూ, అక్కడే పుట్టిన హైదరాబాదీ కుటుంబపు అమ్మాయిని పెళ్ళాడాడు. కట్ట పంపాడు. కొన్ని నెలలకు శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. పాస్‌పోర్టులో పుట్టిన తారీఖు ఒకటి, మునిసిపాలిటీ సర్టిఫికెట్టులో మరొకటి. పైగా సర్టిఫికెట్టులో పిల్లవాడి పేరు గడి ఖాళీ. తండ్రి పేరు ఒకచోట మహమ్మద్, ఒకచోట ఎం.డి. ఆధారాలు పంపమన్నారు. ఇటువంటి ఉత్తరాలకు గడువు 84 రోజులకు మించి వుండదు, టపాకు పట్టే రోజులు వేరు.

పాస్‌పోర్టులో తారీఖు పదవ తరగతి మెమో నుంచి వచ్చింది. మెమోలోకి మా బడి అడ్మిషన్ రిజిస్టరు నుంచి వచ్చింది. రిజిస్టరు తీసి చూస్తే ఆ చేతిరాత మాదే. ఆనాడు తండ్రి, "వర్షాకాలం పోయాక పుట్టాడు మాస్టర్‌సాబ్, సరిగా గుర్తులేదు" అన్నాడు. మేము వయసు సరిపోయేట్టు జూన్ నెల తారీఖు ఒకటి వేసుకొన్నాము. అన్ని బళ్ళలో అలాగే వేసేవారు. అది ఇరవై ఏళ్ళ తరువాత సముద్రం దాటి మా ముందు నిలబడింది.

చేసిన తప్పు ఒప్పుకొంటూ ఉత్తరం రాశాము. రిజిస్టరు నకలు జతచేయించాము. పిల్లవాడు పుట్టినప్పుడు దగ్గర వున్న మేనత్త, తండ్రి అఫిడవిట్లు యిచ్చారు. మునిసిపాలిటీలో పేరు రాయించారు. వకీలు ఒక్కటే చెప్పాడట. "ఏ తారీఖునూ దాచవద్దు. మరో పుట్టిన తారీఖు ఎప్పుడైనా వాడారా అని ఫారంలోనే అడుగుతారు. రెండూ రాయండి, ఎందుకు రెండు వచ్చినవో చెప్పండి." ఆ సలహా పనిచేసింది. కాని కాలం జరిగిపోయింది.

ఆ మధ్య తండ్రికి జబ్బు చేసింది. మూడు వారాలు మంచం పట్టాడు. పిల్లవాడు రాలేకపోయాడు. దరఖాస్తు నడుస్తుండగా, చదువు వీసా మీద వున్నవాడు ప్రయాణ అనుమతి చేతికి రాకముందే దేశం దాటితే, దరఖాస్తు వదులుకొన్నట్టే లెక్క. తిరిగి పోదామంటే చదువు వీసా కావాలి. గ్రీన్ కార్డు అడిగినవాడు హైదరాబాదు కాన్సులేటులో "చదివి తిరిగి వస్తాను" అంటే ఎవరు నమ్ముతారు? ఐ-131 మొదట్లోనే వేసి వుంటే అనుమతి అప్పటికి చేతిలో వుండేదేమో. 630 డాలర్లు మిగులుతాయని, ఇంటికి పంపవచ్చునని వేయలేదు. ఆ డబ్బు తండ్రి మందులకే వచ్చింది. తండ్రి మమ్మల్ని పిలిపించి, "మాస్టర్‌సాబ్, వాడు ఎప్పుడు వస్తాడు?" అని అడిగాడు. "కాగితం రావాలి భాయీ" అన్నాము. "ఏ కాగితం?" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. జనాజాను పిల్లవాడు ఫోనులో చూశాడు. ఫోను పట్టుకొన్నది మేమే.

కాబట్టి మా మొదటి మనవి: తల్లిదండ్రులు వయసు మళ్ళినవారైతే, ప్రయాణ అనుమతి దరఖాస్తును మిగతా కట్టతోనే వేయించండి. చేతికి వచ్చేదాకా విమానం ఎక్కనివ్వవద్దు. పని అనుమతి విషయంలోనూ జాగ్రత్త వుండాలి. ఆ కార్డు మీద చదువు వీసా నియమాలకు బయట ఉద్యోగం చేస్తే, యఫ్-1 హోదా పోతుంది. రేపు గ్రీన్ కార్డు రాకపోతే వెనక్కు నిలబడడానికి నేల వుండదు.

ఇక అందరూ గుసగుసలాడుకొనే సంగతి. "ఉద్యోగ వీసా లాటరీ తగలలేదు, డబ్బిచ్చి కాగితం పెళ్ళి చేసుకొంటే పోలా?" అని అడిగినవారున్నారు. మన దగ్గర పెద్దమనుషులే అడిగారు. 1986లో అమెరికా వాళ్ళు ఇందుకోసమే చట్టం చేశారు. ఇమ్మిగ్రేషన్ నియమాలను తప్పించుకొనేందుకు తెలిసి పెళ్ళి చేసుకొంటే అయిదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. అంతకన్నా పెద్ద శిక్ష, ఒకసారి ఆ ముద్ర పడితే, ఆ తరువాత నిజమైన పెళ్ళి చేసుకొన్నా ఆ పిటిషన్ ఒప్పుకోరు. నిఖాను సాక్షుల ముందు చేసిన ఒప్పందమని పిల్లలకు చెప్పే మనము, దానిని ఫారానికి జతచేసే కాగితంగా మారిస్తే పిల్లలకు ఏం చెబుతాము?

నిజమైన కాపురానికి భయపడవలసినది లేదు. ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, పన్ను లెక్కలు, రెండు కుటుంబాలతో దిగిన ఫోటోలు దాచుకోవాలి. వేలిముద్రలు తీస్తారు. తరువాత సాధారణంగా ఇద్దరినీ పిలిచి ఎలా కలిశారు, ఎవరెవరు పెళ్ళికి వచ్చారు అని అడుగుతారు. తెలిసినది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. కార్డు వచ్చేనాటికి పెళ్ళి అయి రెండేళ్ళు నిండకపోతే, రెండేళ్ళ కార్డే యిస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల లోపల ఐ-751 వెయ్యాలి. కార్డు వచ్చిందని మిఠాయిలు పంచి ఈ తారీఖు మరచినవారు వున్నారు.

చివరగా ఇక్కడ వున్న మనము చేయదగినవి. పిల్లలు చిన్నగా వున్నప్పుడే మునిసిపాలిటీ సర్టిఫికెట్టు తెచ్చి, పేరు గడి నింపించండి. షేక్ అని రాస్తారో, షైక్ అని రాస్తారో, మహమ్మద్ పూర్తిగా రాస్తారో, ఇంటిల్లిపాదికీ ఒకటే నిర్ణయించుకోండి. బడిలో చేర్చే రోజున తారీఖు అంచనాకు చెప్పక కాగితం తీసుకొని రండి. ఇప్పుడు మేము ఏ తల్లి వచ్చినా కాగితం చూడనిదే కలం ఎత్తడం లేదు. ఒకరిద్దరు కోపగించుకొన్నారు కూడా.

ఆ పిల్లవాడికి కార్డు వచ్చింది. మొన్న రంజాను ముందు భార్యతో వచ్చాడు. స్టేషను నుంచి ఇంటికి పోలేదు, నేరుగా ఖబరస్తానుకు పోయాడు. మేము గేటు దగ్గర నిలబడ్డాము. బయటికి వచ్చి మా చెయ్యి పట్టుకొని, "సార్, మీ రిజిస్టరు మీద నాకు కోపం లేదు" అన్నాడు. మాకు వున్నది. అందుకే ఈ నాలుగు మాటలు.