అలసంద గింజల లక్షణములు – పోషక విలువలు



తెలుగువారు అలసందలనీ, బొబ్బర్లనీ పిలిచే గింజను తమిళులు కారామణి అంటారు; మరాఠీలకు అది చవళి; కన్నడిగులకు అలసందె. పేరు ఏదైనా అంగడిలో కొనేవారి కోరిక ఒక్కటే: గింజ లావుగా, తెల్లగా, నునుపుగా ఉండాలి. ఈ చూపుతో ఆహారపు విలువ ఎంతవరకు తెలుస్తుందన్నదే ఈ ప్రసంగ విషయము.

అలసంద ఆఫ్రికాలో పుట్టి, వేల సంవత్సరముల క్రితమే భారతదేశమునకు చేరిన పంట. నైజీరియాలోని ఇబదాన్ నగరమున 1967లో వెలసిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ 15,000కు పైగా రకములను సేకరించి భద్రపరచినది. 100 గింజలు 10 గ్రాములైనా తూగని రకములున్నవి, 25 గ్రాములు దాటేవీ ఉన్నవి. 2011లో ప్రకటితమైన ఒక పరిశీలనలో 1,500కు పైగా రకములను పరీక్షించగా మాంసకృత్తులు 17.5 నుండి 32.5 శాతము వరకు, ఇనుము కిలోకు సుమారు 34 నుండి 80 మిల్లీగ్రాముల వరకు కనబడినవి. అనగా ఒకే తూకమునకు ఒక ఇంటి బిడ్డకు లభించే ఇనుములో సగము కూడా మరొక ఇంటి బిడ్డకు లభించకపోవచ్చును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏండ్ల బాలికలలో 59 శాతము మందికి రక్తహీనత ఉన్నట్లు తేలిన దేశమున ఇది చిన్న తేడా కాదు.

తెల్లని పొట్టుకు ఒక విషయమున గొప్పతనము ఒప్పుకోవలసినదే. ఎర్రని, నల్లని పొట్టులో టానిన్లు ఎక్కువ. అవి ఇనుమును పట్టి ఉంచి, ఒంటికి చేరనీయవు. నిమ్మరసము పిండుకొని తింటే ఆ ఇనుము కొంత సులభముగా వంటబడుతుంది. ఇక నునుపు సంగతి. పశ్చిమాఫ్రికాలో గరుకు పొట్టు గింజనే ఏరి కొంటారు. నానగానే పొట్టు ఊడుతుంది, రుబ్బి నూనెలో వేయించి ‘అకరా’ చేసుకొంటారు. మన అలసంద వడకు అది తోబుట్టువే!

గింజను డబ్బాలో తొలిచే పుచ్చుపురుగు కథ మరింత ఆసక్తికరము. వేల రకములను పరీక్షించిన ఇబదాన్ శాస్త్రజ్ఞులకు 1970ల దశకమున టి.వి.యు. 2027 అనే రకము ఆ పురుగును తట్టుకొంటున్నట్లు కనిపించినది. ట్రిప్సిన్ నిరోధకము కారణమని మొదట తలచారు. విసిలిన్ అనే మాంసకృత్తిలోని తేడా కారణమని తరువాతి పరిశోధనలు చూపినవి. ఈ బలమేదీ పైకి కనిపించేది కాదు.

అన్నముతో అలసందలు కలిపి తినటము పెద్దల తెలివి. బియ్యములో కొరవడిన లైసిన్ అలసందలో పుష్కలము. అలసందలో కొరవడిన మెథియోనిన్ బియ్యము సమకూరుస్తుంది. నానబెట్టి మొలకెత్తిస్తే కడుపు ఉబ్బరము కలిగించే చక్కెరలూ తగ్గుతవి.

విద్యార్థులు తమ ఇండ్లనుండి తలా పిడికెడు గింజలు తెచ్చి ప్రయోగశాలలో 100 గింజలు తూచవచ్చును, రాత్రి నానబెట్టి ఉదయము మరల తూచవచ్చును, నానక మిగిలిన గట్టి గింజలను లెక్కించవచ్చును. మాంసకృత్తులకు, ఇనుమునకు మాత్రము వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది.