వణకు చేతులకు వైద్యము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము రైల్వే గుమాస్తాలము, వైద్యులము కాము. పోయిన యుగాదికి మనలో పెద్దలొకరు పచ్చడి దొన్నె అందుకొనలేక చేతులు ఉత్తరీయము చాటున దాచుకొనిరి. తల కోయుదురను భయముతో ఆస్పత్రికి పోలేదు.

పార్కిన్సన్ వ్యాధికి మొదటి చికిత్స మందులే. అవి చాలనప్పుడు, తగిన రోగులకు, పుర్రెకు చిన్న రంధ్రము చేసి సన్నని తీగె లోనికి పంపుదురు. రొమ్ముపై చర్మము క్రింద నమర్చిన చిన్న యంత్రము దానికి విద్యుత్తు నిచ్చును. వణకు తగ్గును, వ్యాధి మాత్రము పోదు. రక్తస్రావ భయమును కొంత లేకపోలేదు. 1974లో ఏర్పడిన బెంగుళూరు నిమ్హాన్స్‌కు తొలి డైరెక్టరైన డాక్టరు ఆర్. ఎం. వర్మ, పుర్రె అడుగున సహజముగా నున్న రంధ్రము గుండ సూది పంపి ఈ వ్యాధికి శస్త్రచికిత్స చేయుటలో ప్రసిద్ధులు.

చిక్కబళ్ళాపురము, చింతామణులకు రైలున్నది, బాగేపల్లికి బస్సున్నది. పెద్దల చేయి వణకినచో వయసని ఊరకొనక, వెంటబెట్టుకొని పోదము. వచ్చే యుగాదికి ఆ చేతులే దొన్నె నందుకొనుగాక!